రెండు కంప్యూటర్లకు ఒకే తెర, ఒకే కీబోర్డు: కేవీఎం స్విచ్ మొండికేస్తే ఏం చేయాలి

పలాసలో ఒక జీడిపిక్కల వ్యాపారి ఆఫీసు గదిలో బల్ల ఒకటి, కంప్యూటర్లు రెండు. పాతది వేబ్రిడ్జికి కట్టినది. లారీ కాటా ఎక్కగానే బరువు చదివేది అదే. దాని సాఫ్ట్‌వేర్ కొత్త విండోస్‌లో నడవదు, వెనకాల తొమ్మిది పిన్నుల సీరియల్ పోర్టు ఉన్న యంత్రమే కావాలి. కనుక దాన్ని వదిలించుకునే దారి లేదు. కొత్తది జీఎస్టీ బిల్లులు, ఈ-వే బిల్లులు తీయడానికి. బిల్లు పుస్తకాలు, నమూనా పిక్కల పళ్లేలు పోగా బల్ల మీద మిగిలిన చోటు ఒక మానిటర్‌కు, ఒక కీబోర్డుకు, ఒక మౌసుకు మాత్రమే సరిపోతుంది. ఆ మూడింటినీ రెండు కంప్యూటర్లకు పంచే చిన్న పెట్టె బల్ల కింద మేకుకు వేలాడుతోంది. దాన్నే కేవీఎం (కీబోర్డు, వీడియో, మౌసు) స్విచ్ అంటారు.

“బిల్లుల కంప్యూటర్ వైపు తిప్పితే తెర నల్లగా ఉంటోందండీ. పెట్టె పోయింది, కొత్తది పట్టుకురండి” అని గుమస్తా ఫోను చేశాడు. శ్రీకాకుళంలో బస్సెక్కినప్పుడు కొత్త పెట్టె నా సంచిలో ఉంది. సాయంత్రం దిగినప్పుడు కూడా సంచిలోనే ఉంది. పాతదానికి ఏ రోగమూ లేదు. ఇలాంటి పెట్టెతో తంటాలు పడుతున్నవారు మీలోనూ ఉంటారు కాబట్టి, నేను వెతికే వరుసలోనే మీరూ వెతుక్కునేలా రాస్తున్నాను. స్క్రూడ్రైవర్ అవసరం దాదాపు పడదు.

ముందు అడిగి తెలుసుకోండి

తీగలు పీకడానికి ముందు మూడు సంగతులు కాగితం మీద రాసుకోండి. పోయింది ఏది? బొమ్మా, కీబోర్డా, మౌసా, మూడూనా? ఏ వైపు పోయింది? ఒక కంప్యూటర్‌తోనేనా, రెండింటితోనా? ఎప్పుడు పోతోంది?

మూడో ప్రశ్నకు జవాబు రాబట్టడమే కష్టం. “ఎప్పుడూ అంతే” అంటారు. నమ్మకండి. పలాస గుమస్తా కూడా అదే అన్నాడు. కాటా దగ్గర కూర్చునే కుర్రాడు మాత్రం, “పొద్దున్నే అలా ఉంటుందండీ, ఆపి మళ్లీ వేస్తే ఇక సాయంత్రం దాకా బాగానే ఉంటుంది” అన్నాడు. పొద్దున మాత్రమే వచ్చే జబ్బు చాలావరకు పెట్టె చెడిపోయినందువల్ల వచ్చేది కాదు. దాని సంగతి ముందుముందు చెబుతాను గాని, ఆ కుర్రాడి ఒక్క మాటతో నా పని సగం అయిపోయింది.

రెండు వైపులా అన్నీ ఒకేసారి పోతే కరెంటును అనుమానించండి. ఒక వైపు బొమ్మ ఉండి, కీబోర్డు, మౌసు రెండూ పోతే ఆ కంప్యూటర్‌కు వెళ్లే యూఎస్‌బీ తీగను అనుమానించండి. ఒక్క కీబోర్డే పోతే కీబోర్డునో, దాన్ని గుచ్చిన పోర్టునో చూడండి.

పెట్టెను పక్కనపెట్టి చూడండి

అన్నిటికన్నా ముఖ్యమైన పరీక్ష ఇదే, అందరూ దాటవేసేదీ ఇదే. రెండు కంప్యూటర్లూ షట్‌డౌన్ చేసి, ప్లగ్గులు కూడా గోడ నుంచి తీసేయండి. మానిటర్ తీగను, కీబోర్డును, మౌసును పెట్టె నుంచి ఊడదీసి, మొరాయిస్తున్న కంప్యూటర్‌కే నేరుగా పెట్టి ఆన్ చేయండి. అప్పుడూ బొమ్మ రాకపోతే తప్పు కంప్యూటర్‌ది, మానిటర్‌ది, లేదా ఆ తీగది. పెట్టెను తిట్టి లాభం లేదు. మానిటర్ బటన్లు నొక్కి ఇన్‌పుట్ ఏది ఎంచి ఉందో కూడా చూడండి. హెచ్‌డీఎంఐ తీగ పెట్టుకుని, మానిటర్‌ను వీజీఏ మీద ఉంచి, ఒక పూటంతా పెట్టెను కొట్టి చూసినవాళ్లను నేను ఎరుగుదును.

నేరుగా పెడితే బాగుందనుకోండి. అన్నీ మళ్లీ ఆపి, పెట్టె ద్వారా కలపండి. ఈసారి తారుమారు చేయండి. ఒకటో పోర్టులోని తీగలను రెండులోకి, రెండులోవాటిని ఒకటిలోకి మార్చండి. కంప్యూటర్ల దగ్గర కదపకండి, పెట్టె దగ్గర మాత్రమే మార్చండి. ఒకటో పోర్టులో ఉన్న జబ్బు తీగలతోపాటే రెండో పోర్టుకు వెళ్లిందా? అయితే అది తీగదో, కంప్యూటర్‌దో. ఒకటో పోర్టులోనే ఉండిపోయిందా? అయితే పెట్టెలో ఆ పోర్టే పోయింది. తీగా, కంప్యూటరా అన్నది తేల్చడానికి బాగున్న వైపు తీగను తెచ్చి మొరాయిస్తున్న వైపు పెడితే చాలు.

ఒకసారికి ఒక్కటే మార్చండి. రెండు మార్చాక బాగుపడితే దేనివల్ల బాగుపడిందో మీకే తెలియదు. వారం తిరిగేసరికి మళ్లీ వస్తే మొదటి నుంచి వెతుక్కోవాలి.

పెట్టెను పూర్తిగా ఆపడం

అడాప్టర్ పీకి పెట్టి “రీసెట్ చేశాను” అంటారు. చేయలేదు. ఈ పెట్టెలకు కరెంటు అడాప్టర్ ఒక్కదాని నుంచే రాదు, కంప్యూటర్ల నుంచి వచ్చే యూఎస్‌బీ తీగల ద్వారా కూడా వస్తుంది. హెచ్‌డీఎంఐ తీగలో 18వ పిన్ను మీదా 5 వోల్టులు ఉంటాయి. షట్‌డౌన్ చేసిన కంప్యూటర్ కూడా, ప్లగ్గు గోడకు ఉన్నంతసేపూ, చాలాసార్లు యూఎస్‌బీకి కరెంటు ఇస్తూనే ఉంటుంది. ఆ కాస్త కరెంటుతో పెట్టెలోని చిప్పు తన పాత మతిభ్రమణంలోనే కొనసాగుతుంది. అందుకే పెట్టెకు ఉన్న ప్రతి తీగా ఊడదీసి, టీ తాగి రండి.

వచ్చాక, అన్ని ప్లగ్గులూ గోడకు దూరంగా ఉన్నప్పుడే తీగలన్నీ కలిపేయండి. తర్వాత ముందు మానిటర్‌కు, ఆపైన పెట్టె అడాప్టర్‌కు కరెంటు ఇవ్వండి. ఒకటో కంప్యూటర్‌ను ఆన్ చేయండి. పెట్టె మీద ఒకటో దీపం వెలిగి ఉండాలి. డెస్క్‌టాప్ వచ్చేదాకా ఆగండి. అప్పుడు పెట్టెను రెండువైపు తిప్పి, రెండో కంప్యూటర్‌ను ఆన్ చేయండి. ఈ వరుస చాదస్తంలా కనిపిస్తుంది, కానీ కాదు.

అడాప్టర్, ఎర్తు

విజయనగరంలో ఒక శుభలేఖల ప్రెస్సులో పెట్టె అడాప్టర్‌ను ఎలుక కొరికింది. అక్కడి ఆపరేటర్ మంచి పనిమంతుడు. డ్రాయర్‌లో పడున్న పాత సెట్‌టాప్ బాక్సు అడాప్టర్ తీసి చూస్తే పిన్ను సరిగ్గా పట్టింది. పట్టింది కదా అని పెట్టేశాడు. సెట్‌టాప్ బాక్సుది 12 వోల్టులు, కేవీఎం పెట్టెది 5 వోల్టులు. నేను వెళ్లేసరికి గదిలో ఇంకా ప్లాస్టిక్ కాలిన వాసన ఉంది.

పిన్ను పట్టడం దేనికీ గుర్తు కాదు. పెట్టె అడుగున, అడాప్టర్ వీపున ఉన్న అచ్చు అక్షరాలు చదవండి. వోల్టులు రెండింటి మీదా ఒకటే ఉండాలి. యాంపియర్లు అడాప్టర్ మీద ఎక్కువ ఉన్నా పరవాలేదు, తక్కువ ఉండకూడదు. చిన్న వలయం, మధ్యలో చుక్క, పక్కన ప్లస్, మైనస్ గుర్తులతో ఒక బొమ్మ ఉంటుంది. అది కూడా రెండింటి మీదా ఒకేలా ఉండాలి.

అడాప్టర్ లేకుండా యూఎస్‌బీ కరెంటుతోనే నడిచే పెట్టెలూ ఉన్నాయి. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇవ్వగలిగేది 500 మిల్లీయాంపియర్లు. ఆ కాస్తలోనే పెట్టె బతకాలి, కీబోర్డు, మౌసు బతకాలి. రంగురంగుల దీపాల కీబోర్డు తెచ్చి, పక్కన పెన్‌డ్రైవ్ కూడా గుచ్చితే చాలదు. పెన్‌డ్రైవ్ పెట్టగానే మౌసు ఒక్క క్షణం చచ్చి బతకడం, వైపు మార్చగానే కీబోర్డు దీపాలు మినుకుమనడం దీని గుర్తులు. పెట్టెకు అడాప్టర్ గుచ్చే రంధ్రం ఉంటే సరైన అడాప్టర్ కొనండి. లేకపోతే దీపాల కీబోర్డు మానుకోండి.

ఇక ఎర్తు. దీని గురించి కాస్త ఎక్కువే చెబుతాను, ఎందుకంటే మన ఊళ్లలో మూడో పిన్నుకు విలువ లేదు. కంప్యూటర్ డబ్బాను చెప్పుల్లేకుండా తాకితే చురుక్కుమంటుంది చూడండి, అది “కొంచెం షాకు, మామూలే” కాదు. కంప్యూటర్ లోపలి ఎస్‌ఎంపీఎస్‌లో, అంటే పవర్ సప్లైలో, కరెంటు తీగల నుంచి డబ్బాకు చిన్న ఫిల్టర్ కెపాసిటర్లు కట్టి ఉంటాయి. వాటి నుంచి కారే కొద్దిపాటి కరెంటు ఎర్తు ద్వారా నేలకు పోవాలి. ఎర్తు లేకపోతే ఆ డబ్బా 230లో సగం, అంటే 115 వోల్టుల దగ్గర ఊగుతూ ఉంటుంది. టెస్టర్ పెడితే లోపలి దీపం ఎర్రగా వెలుగుతుంది. ఇప్పుడు ఒక కంప్యూటర్‌కు ఎర్తు ఉంది, రెండోదానికి లేదు, మధ్యలో మీ కేవీఎం తీగలు ఉన్నాయి అనుకోండి. నేలకు పోవలసిన కరెంటంతా మీ హెచ్‌డీఎంఐ తీగ పైతొడుగు మీదుగా పోతుంది. కరెంటు ఉండగా తీగ గుచ్చితే కొనలో చిన్న మెరుపు మెరిసి పోర్టే పోవచ్చు. ప్లగ్గులు గోడ నుంచి తీయమని పదేపదే అన్నది ఇందుకే.

పక్కన మోటారు వేసినప్పుడల్లా కీబోర్డు పోవడం, తెర మీద అడ్డంగా అలలు పైకి పాకడం కూడా ఎర్తు గొడవకు గుర్తులే కావచ్చు. చేయవలసింది ఇది: రెండు కంప్యూటర్లు, మానిటర్, పెట్టె అడాప్టర్ అన్నీ ఒకే బోర్డు నుంచి లేదా ఒకే యూపీఎస్ నుంచి తీసుకోండి. మూడు పిన్నుల ప్లగ్గులే వాడండి. రెండు పిన్నుల మార్పిడి ముక్కలు పారేయండి. ఎర్తు గుంత పనిచేస్తోందో లేదో ఎలక్ట్రీషియన్‌తో కొలిపించండి, మీరు కొలవకండి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస వైపే తీరం దాటి, ఊళ్లకు ఊళ్లు రోజుల తరబడి చీకట్లో మగ్గాయి. అలాంటి రోజులకోసం జనరేటర్ పెట్టుకున్నవారు దాని ఎర్తు కూడా చూపించుకోవాలి. జనరేటర్ మీద ఉన్నప్పుడే మౌసు పిచ్చిపట్టినట్టు తిరుగుతుంటే మౌసును మార్చి ఉపయోగం లేదు.

వేబ్రిడ్జి ఉన్నవారికి ఇంకొక్క మాట. వేసవి సాయంత్రం ఆకాశం నల్లబడితే, ఉరుములు మొదలయ్యేలోపే కాటా నుంచి వచ్చే తీగను తీసేయండి. ఆరుబయట ఉన్న ఇనుప కాటా మీదుగా వచ్చే పిడుగు పాత కంప్యూటర్‌తో ఆగదు. కేవీఎం తీగ పట్టుకుని కొత్తదానికీ వస్తుంది.

తెర నల్లబడితే

పలాస సంగతికి వద్దాం. దాదాపు ప్రతి మానిటర్‌లోనూ కనీసం 128 బైట్ల చిన్న చీటీ ఉంటుంది, దాని పేరు ఈడీఐడీ. నా తెర ఇంత, నేను చూపగలిగిన రిజల్యూషన్లు ఇవి అని అందులో రాసి ఉంటుంది. కంప్యూటర్ లేవగానే ఆ చీటీ అడిగి తీసుకుని, దాని ప్రకారం బొమ్మ పంపుతుంది. మంచి కేవీఎం పెట్టెలు ఆ చీటీ నకలు తమ దగ్గరే దాచుకుని, మానిటర్ అటువైపు ఉన్నా ఇటువైపు కంప్యూటర్‌కు కూడా చూపిస్తాయి. చౌక పెట్టెలు చూపించవు. పలాసలో పొద్దున్నే కుర్రాడు ఒకే బోర్డు స్విచ్చుతో రెండు కంప్యూటర్లూ వేస్తాడు. పెట్టె ముందురోజు సాయంత్రం వేబ్రిడ్జి వైపే ఉండిపోయి ఉంటుంది. బిల్లుల కంప్యూటర్ లేచి, మానిటర్ ఎక్కడ అని చూస్తుంది, కనిపించదు, బొమ్మ పంపడం మానేస్తుంది. తర్వాత ఇటు తిప్పినా అది పట్టించుకోదు. ఆపి మళ్లీ వేసేటప్పుడు పెట్టె ఇటువైపే ఉంటుంది కాబట్టి బాగుంటుంది.

మందు మూడు రకాలు. డబ్బు ఖర్చు లేనిది: ఏ కంప్యూటర్ వేస్తుంటే పెట్టెను ఆ వైపు తిప్పి ఉంచడం. పలాసలో మానిటర్ అంచుకు ఒక చీటీ అంటించి వచ్చాను, అదే పనిచేస్తోంది. మరచిపోయినప్పుడు, విండోస్ 10 లేదా 11 అయితే విండోస్, కంట్రోల్, షిఫ్ట్ మీటలు మూడూ పట్టుకుని బి నొక్కండి. గ్రాఫిక్స్ డ్రైవర్ మళ్లీ మొదలై, చాలాసార్లు తెర వస్తుంది. మూడోది, ఈడీఐడీ ఎమ్యులేటర్ అనే బొటనవేలంత ముక్క. కంప్యూటర్ పోర్టుకూ తీగకూ మధ్య పెడితే, మానిటర్ ఎప్పుడూ ఉన్నట్టే కంప్యూటర్‌ను నమ్మిస్తుంది. వైపు మార్చినప్పుడల్లా విండోలన్నీ ముడుచుకుని ఒక మూలకు చేరినా, అక్షరాలు ఉబ్బి రిజల్యూషన్ 1024×768కి పడిపోయినా దీనికీ అదే కారణం, అదే మందు.

వీజీఏ తీగ అయితే కొనను వెలుతురులో చూడండి. అయిదేసి చొప్పున మూడు వరుసల పిన్నులు ఉంటాయి. మధ్య వరుసలో నాలుగోది, అంటే తొమ్మిదోది, చాలా తీగల్లో అసలే ఉండదు. విరిగిందని కంగారుపడకండి. కింది వరుసలో 12, 15 పిన్నులు మాత్రం ఆ చీటీ మోసేవి. వాటిలో ఒకటి వంగితే బొమ్మ వస్తుంది గాని రిజల్యూషన్ తప్పుతుంది. తెర పసుపు పచ్చగానో గులాబీగానో ఉంటే రంగు మోసే మొదటి మూడు పిన్నుల్లో ఒకటి అందడం లేదు. స్క్రూలు బిగించకుండా వదిలేసిన తీగల్లో ఇది మామూలు.

హెచ్‌డీఎంఐలో పొడవు చూసుకోండి. కంప్యూటర్ నుంచి పెట్టెకు, పెట్టె నుంచి మానిటర్‌కు ఉన్న రెండు తీగల పొడవూ కలిపి లెక్కపెట్టాలి. రెండూ మూడేసి మీటర్లయితే తెర మధ్యమధ్య ఆరిపోవడం, చుక్కలు మెరవడం కనిపించవచ్చు. పొట్టి తీగలు పెట్టి చూడండి. 4కే మానిటర్ కొన్నాక మౌసు బాణం ఈడ్చుకుంటూ నడుస్తోందంటే పెట్టె హెచ్‌డీఎంఐ 1.4 రకం అయి ఉంటుంది. అది 4కే బొమ్మను సెకనుకు 30 సార్లే పంపగలదు. 60 కావాలంటే 2.0 రకం ఉండాలి. అది జబ్బు కాదు, దాని శక్తి అంతే.

కీబోర్డు, మౌసు

పెట్టె మీద కీబోర్డు బొమ్మ ఉన్న పోర్టు, మామూలు యూఎస్‌బీ పోర్టు ఒకటి కావు. బొమ్మ ఉన్నదానిలో పెట్టె కీబోర్డును గమనిస్తూ ఉంటుంది. స్క్రోల్ లాక్ రెండుసార్లు నొక్కితే వైపు మారడం వంటివి అందుకే సాధ్యం. కానీ ఎక్కువ మీటలున్న కీబోర్డులు, వైర్‌లెస్ డాంగిళ్లు అక్కడ కొన్నిసార్లు పలకవు. వాటిని మామూలు పోర్టుకు మార్చండి. పనిచేస్తాయి, అయితే మీటలతో వైపు మార్చడం పోతుంది, బటనే నొక్కాలి. ఈ చిక్కులేవీ వద్దనుకుంటే అన్నిటికన్నా చౌకైన తీగ కీబోర్డు కొనుక్కోండి. పెట్టెలకు అదే ఇష్టం.

వైపు మార్చే మీటలు ఏవో పెట్టెతో వచ్చిన కాగితం చూసి తెలుసుకోండి. కొన్నింటికి స్క్రోల్ లాక్, కొన్నింటికి కంట్రోల్ రెండుసార్లు. చిన్న కీబోర్డులలో స్క్రోల్ లాక్ మీటే ఉండదు. “ఎక్సెల్‌లో బాణాలు పనిచేయడం లేదు, గడి కదలడం లేదు, షీటు మొత్తం జరుగుతోంది” అని ఒక ఆడిటర్ గారి ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. వైపు మార్చబోయి స్క్రోల్ లాక్ ఒకసారే నొక్కి వదిలేశారు, ఎక్సెల్ దాన్ని పట్టుకుంది. మళ్లీ ఒకసారి నొక్కితే సరిపోయింది. డీటీపీ చేసేవారు తమ తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ కూడా ఇదే మీటను వాడుకుంటోందేమో చూసుకోవాలి. అలాగైతే రెండింటిలో ఒకదానికి వేరే మీట కేటాయించండి.

వైపు మార్చిన తర్వాత పాస్‌వర్డ్ తప్పని కంప్యూటర్ మొండికేస్తే ముందు క్యాప్స్ లాక్ చూడండి. క్యాప్స్ లాక్, నమ్ లాక్ ఏ స్థితిలో ఉన్నాయో ఏ కంప్యూటర్ లెక్క దానిది. కొన్ని పెట్టెల్లో కీబోర్డు మీది దీపం అటువైపు లెక్క చూపిస్తూ ఉంటుంది.

మధ్యాహ్నం భోజనం చేసి వచ్చేసరికి ఒక కంప్యూటర్ నిద్రపోయి, కీబోర్డు ఎంత కొట్టినా లేవకపోతే విండోస్ పవర్ ఆప్షన్లలో స్లీప్‌ను, యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్‌ను ఆపేయండి. పాత పెట్టెల గుండ్రటి పీఎస్2 పోర్టులు, ఊదా రంగుది కీబోర్డుకు, పచ్చది మౌసుకు, కరెంటు ఉండగా పీకి పెట్టేవి కావు. కంప్యూటర్ ఆపి పెట్టాలి.

ఉప్పుగాలి

కళింగపట్నం వైపు, సోంపేట వైపు సముద్రానికి దగ్గరగా ఉన్నవారి తీగ కొనలు త్వరగా మసకబారుతాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కొద్దిగా తడిపిన దూది పుల్లతో తుడిచి, ఆరాక పెట్టండి. వాడని పోర్టులకు మూతలు పెట్టండి. కొబ్బరినూనె రాసేవారిని చూశాను, వద్దు.

కొనక తప్పకపోతే

తారుమారు పరీక్షలో జబ్బు పెట్టె పోర్టులోనే ఉండిపోతే అప్పుడు కొనండి. రెండు కంప్యూటర్లకూ విడివిడిగా మానిటర్లు ఉండి, రెండూ ఒకే నెట్‌వర్క్‌లో ఉంటే అసలు పెట్టే అక్కర్లేదు. మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే మౌస్ వితౌట్ బోర్డర్స్‌తో ఒకే కీబోర్డు, మౌసు నాలుగు కంప్యూటర్ల దాకా పనిచేస్తాయి. పలాసలోలా తెర ఒక్కటే అయితే అది కుదరదు.

కొట్లో మూడు అడగండి. ఈడీఐడీ ఎమ్యులేషన్ ఉందా, అడాప్టర్ పెట్టెతోపాటు వస్తుందా, మీ రెండు కంప్యూటర్ల వెనక ఉన్న పోర్టులకు సరిపడే తీగలు ఇస్తారా. పాత కంప్యూటర్‌కు వీజీఏ, కొత్తదానికి హెచ్‌డీఎంఐ ఉంటే హెచ్‌డీఎంఐ పెట్టె తీసుకుని, పాతదానికి వీజీఏ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే కన్వర్టర్ పెట్టుకోండి. కన్వర్టర్ ఏ దిక్కుగా మారుస్తుందో చూసి కొనండి. ఎదురు దిక్కుది తెస్తే పనిచేయదు. శ్రీకాకుళంలో దొరక్కపోతే విశాఖ నుంచి తెప్పించమనండి, రెండు రోజులు ఆగినా పరవాలేదు.

పాత పెట్టె తీసేసినప్పుడు దాని అడాప్టర్‌ను కూడా తీసేయండి. డ్రాయర్‌లో ఉంచితే ఏదో ఒక రోజు ఎవరో ఒకరు దాన్ని మరో యంత్రానికి గుచ్చుతారు.